లైవ్‌లో ఉన్నదే లెక్క: స్టార్ సిటిజన్ మీద కన్నేసిన నల్లగొండ, పాలమూరు పిల్లలకు బహిరంగ లేఖ

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ నుంచి అటు జడ్చర్ల, వనపర్తి, గద్వాల దాకా పీసీ గేమింగ్ చేసే పిల్లల నోట ఈమధ్య, అంతరిక్షంలో ఓడలు నడుపుతూ తిరిగే ఆన్‌లైన్ ఆట స్టార్ సిటిజన్ పేరు గట్టిగానే వినబడుతోంది. అందరి ప్రశ్నలూ తిరిగి తిరిగి మూడింటి దగ్గరికే వస్తున్నాయి. కొనొచ్చా? ఎప్పటికి పూర్తవుతుంది? ఇది మోసమా, నిజమా? ఏళ్ల తరబడి ఈ ఆట తయారీని ప్యాచ్ ప్యాచ్‌కూ గమనిస్తున్నవాళ్లం కాబట్టి మా మాట ముందే చెప్పేస్తున్నాం. వేదిక మీద చూపించింది లెక్కలోకి రాదు. రోడ్‌మ్యాప్‌లో రాసింది లెక్కలోకి రాదు. ఈ రోజు లైవ్ సర్వర్‌లో, మామూలు రద్దీలో, మీ కంప్యూటర్ మీద నడుస్తున్నదే లెక్క. పైసలు పెట్టినా అంతమేరకే పెట్టాలి.

ఎందుకింత కచ్చితంగా చెప్తున్నామో ఈ ఆట తేదీలు చూస్తేనే అర్థమవుతుంది. 1990లో వింగ్ కమాండర్ అనే ఆట తయారుచేసిన క్రిస్ రాబర్ట్స్ 2012 అక్టోబరులో దీన్ని ప్రకటించాడు. నవంబరు ముగియకముందే జనం నుంచి చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్‌లోనూ సొంత సైట్‌లోనూ కలిపి 62 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పుడు చెప్పిన విడుదల గడువు 2014 నవంబరు. వచ్చిందేమో 2013 ఆగస్టులో ఓడను నిలబెట్టుకుని చుట్టూ తిరిగి చూసే హ్యాంగర్, 2014 జూన్‌లో చిన్న పోరాట రంగం. నలుగురూ కలిసి తిరిగే విశ్వం తొలి ముక్క 2.0 రూపంలో 2015 డిసెంబరుకు గానీ రాలేదు. ఉపగ్రహాల మీద దిగే వీలు 2017 డిసెంబరులో 3.0తో వచ్చింది. రెండో నక్షత్ర వ్యవస్థ పైరో 2024 డిసెంబరులో 4.0తో వచ్చింది. 2012 ప్రచారంలో పెట్టుకున్న లక్ష్యం 100 వ్యవస్థలు. 2024 అక్టోబరులో కంపెనీ జరిపే సభ సిటిజన్‌కాన్‌లో, 1.0 అనే పూర్తి విడుదల కోసం చెప్పిన సంఖ్య ఐదు: స్టాంటన్, పైరో, నిక్స్, క్యాస్ట్రా, టెర్రా. ఆటగాళ్లు పెట్టిన మొత్తం మాత్రం 2022లో 50 కోట్ల డాలర్లు, 2024లో 70 కోట్ల డాలర్లు దాటింది.

ఈ అంకెలు చూసి "స్కామ్" అనేవాళ్లున్నారు. ఆ మాట తప్పు. పని జరుగుతోంది, అదీ ఆషామాషీ పని కాదు. "ఇంకో రెండేళ్లు ఆగితే అయిపోతుంది" అనేవాళ్లూ ఉన్నారు. ఆ మాటా తప్పే, ఎందుకంటే అదే మాట 2014 నుంచీ నడుస్తోంది. ఈ రెండు గుంపుల్లో ఎవరూ ఆట లోపల ఏం మారిందో చూడరు. మీరు చూడండి.

ఆలస్యానికి అసలు కారణం ఓడల బొమ్మలు గీయడం కాదు, కింద ఉన్న ఇంజిన్, అంటే ఆటను నడిపించే సాఫ్ట్‌వేర్. మొదలుపెట్టింది క్రైఇంజిన్‌తో. అది కొన్ని కిలోమీటర్ల మైదానంలో తుపాకీ ఆటలు ఆడించడానికి పుట్టింది. వస్తువు ఎక్కడుందో 32 బిట్ల సంఖ్యలో రాసుకుంటుంది. అలాంటి సంఖ్యలో దాదాపు ఏడు అంకెల వరకే నికరంగా నిలుస్తాయి. కేంద్రం నుంచి 10,000 కిలోమీటర్ల దూరం వెళ్లారనుకోండి, మీటర్లలో అది కోటి. అక్కడ రెండు స్థానాల మధ్య చూపగలిగే అతి చిన్న తేడా ఒక మీటరు! మనిషి అడుగు తీసి అడుగు వేస్తే మీటరు దూకుతాడు, చేతిలోని తుపాకీ అదిరిపోతుంది, ఓడ తలుపు గోడలోకి దిగిపోతుంది. అందుకే స్థానాల లెక్కంతా 64 బిట్లకు మార్చారు. ఇప్పుడు కోటి కిలోమీటర్ల అవతల కూడా తేడా మిల్లీమీటరులో ఐదు వందల వంతు దగ్గరే ఉంటుంది. ఓడలో మంచం మీద నుంచి లేచి, కాక్‌పిట్‌లో కూర్చుని, లోడింగ్ తెర అన్నది లేకుండా గ్రహం మీదికి దిగడం దానివల్లే సాధ్యమైంది.

రెండోది, ఇంకా నడుస్తున్న పెద్ద పని, సర్వర్ మెషింగ్. 4.0కు ముందు ఒక్క సర్వరే మొత్తం నక్షత్ర వ్యవస్థను మోసేది. గ్రహాలు, స్టేషన్లు, బంట్లు (కంప్యూటర్ నడిపే పాత్రలు), నేల మీద పడేసిన ఖాళీ సీసాలు, వంద మంది దాకా ఆటగాళ్లు, అన్నీ దాని నెత్తినే. సాగర్ ఎడమ కాలువ పొడవునా ఉన్న తూములన్నిటికీ ఒక్క లష్కరే అయితే ఏమవుతుందో ఇక్కడా అదే అయ్యేది: ఎక్కడో ఒక చోట నీళ్లు ఆలస్యం, ఇంకో చోట గండి. దీన్ని విడగొట్టాలంటే ముందు ప్రతి వస్తువు స్థితినీ సర్వర్ బయట, డేటాబేస్‌లో దాచాలి. 2023 మార్చిలో 3.18తో వచ్చిన పర్సిస్టెంట్ ఎంటిటీ స్ట్రీమింగ్ ఆ పనే చేసింది. ఆ ప్యాచ్ దిగినప్పుడు కొన్ని రోజుల పాటు చాలామంది లోపలికే వెళ్లలేకపోయారు. తర్వాతి అడుగు, ఆటగాళ్లకూ సర్వర్లకూ నడుమ రెప్లికేషన్ లేయర్ అనే పొరను విడిగా నిలబెట్టడం. 4.0లో ఒక షార్డ్‌ను, అంటే ఆట లోకం తాలూకు ఒక ప్రతిని, అనేక సర్వర్లు పంచుకుని 500 మంది దాకా మోయడం మొదలైంది. దీన్ని స్టాటిక్ మెషింగ్ అంటారు: ఏ సర్వర్ ఏ ప్రాంతాన్ని చూడాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. రెండు వందల మంది ఒకే స్టేషన్ మీద పడితే పక్క సర్వర్ ఖాళీగానే ఉంటుంది, ఈ సర్వర్ మాత్రం చతికిలబడుతుంది. రద్దీని బట్టి అప్పటికప్పుడు ప్రాంతాన్ని పంచుకునేది డైనమిక్ మెషింగ్. ఆ పేరు ప్యాచ్ నోట్స్‌లో కనబడి, లైవ్‌లో పెద్ద గుంపు మధ్య కూడా లిఫ్ట్ టైముకు వచ్చిన రోజు ఈ ఆట నిజంగా ఒక మెట్టెక్కినట్టు.

లిఫ్ట్ అని ఊరికే అనలేదు. సర్వర్ ఆరోగ్యం చూడటానికి దానికంటే మంచి గుర్తు లేదు. సర్వర్ సెకనుకు 30 సార్లు లోకాన్ని లెక్క కట్టాలి. ఆ సంఖ్య ఐదారుకు పడితే మీ తెర మీద 60 ఫ్రేములు ఉన్నా సరే, లిఫ్ట్ బటన్ నొక్కితే తలుపు తెరుచుకోదు, తెరుచుకున్నా అవతల గుంత ఉంటుంది. బార్లో బంట్లు కుర్చీల్లో కూర్చోకుండా కుర్చీల మీద నిలబడతారు. శత్రువు కాల్చినా కదలడు. ఇవన్నీ మీ గ్రాఫిక్స్ కార్డు తప్పులు కావు. బ్యాక్‌టిక్ కీ నొక్కి కన్సోల్ తెరిచి డిస్‌ప్లే ఇన్ఫో ఆదేశం ఇస్తే తెర మూలన మీ ఫ్రేములు, పింగ్ (సర్వర్‌కు సంకేతం పోయి రావడానికి పట్టే సమయం), సర్వర్ వివరాలు కనబడతాయి. ఆడినంతసేపూ అది అక్కడే ఉండనివ్వండి. "ప్యాచ్ చెడగొట్టారు" అని తిట్టే ముందు తప్పు మీ మెషిన్‌దా, నెట్ దారిదా, సర్వర్‌దా తేల్చుకోవాలి. ఈ మూడూ కలిపేసుకుంటే మీ అంచనాకు విలువ ఉండదు.

మెషిన్ సంగతి. 16 జీబీ ర్యామ్ అని కంపెనీ చెప్పేది కనీసం మాత్రమే, 32 ఉంటేనే ఊపిరాడుతుంది. సికింద్రాబాద్ సీటీసీలో అసెంబుల్ చేయించేటప్పుడు ఒకే 16 జీబీ స్టిక్ పెట్టించుకుని వచ్చేవాళ్లు చాలామంది. రెండు స్టిక్కులు జతగా వేయించండి, లేకపోతే ర్యామ్‌కు ప్రాసెసర్‌కు మధ్య దారి సగమే తెరిచినట్టు. హార్డ్ డిస్క్ మీద ఈ ఆట వద్దే వద్దు. మీరు దగ్గరికి వెళ్తున్న కొద్దీ స్టేషన్ ముక్కలు డిస్క్ నుంచి వస్తుంటాయి. తిరిగే డిస్క్ ఆ వేగం అందుకోలేదు. నేల రాకముందే మీరు వస్తారు, నేలలోంచి జారిపోతారు. ఎస్ఎస్‌డీలో 150 జీబీ ఖాళీ ఉంచండి, విండోస్ పేజ్ ఫైల్ కూడా ఎస్ఎస్‌డీ మీదే ఉండాలి. దాన్ని తీసేస్తే 16 జీబీ మెషిన్ మీద ఆట చెప్పాపెట్టకుండా మూతపడుతుంది. పెద్ద ప్యాచ్ దిగిన ప్రతిసారీ పాత షేడర్ ఫోల్డర్ (గ్రాఫిక్స్ కార్డు కోసం ఆట తయారుచేసి దాచుకునే ఫైళ్లు) తొలగించి, లాంచర్లో ఫైళ్లు వెరిఫై చేయండి. మొదటి పావుగంట కొత్త షేడర్లు తయారవుతూ ఆట కుదుపుతుంది. ఆ కుదుపు చూసి తీర్పు ఇవ్వొద్దు.

ఎండాకాలం గురించి మనకాడ ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో నల్లగొండలో బయట 43 డిగ్రీలుంటే, రేకుల గదిలో, మంచం మీద పరుపు పైన పెట్టిన ల్యాప్‌టాప్ ప్రాసెసర్ నిమిషాల్లో 95 దాటి వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు 50 నుంచి 25కు పడిన ఫ్రేములను ప్యాచ్ ఖాతాలో రాయకండి. ఉష్ణోగ్రత కూడా పక్కన రాసుకోండి, ఫ్యాన్ రెక్కల్లో దుమ్ము నెలకోసారి ఊదేయండి.

కరెంటు మాట. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. ఆట నడుస్తున్న గేమింగ్ పీసీ, మానిటర్ కలిసి 400 వాట్లు దాటితే కరెంటు పోయిన క్షణమే అది కూడా చేతులెత్తేస్తుంది. 1100 వీఏ తీసుకోండి. రౌటర్‌కు విడిగా 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి, కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. ఇవన్నీ ఉన్నా వీధి మొత్తం కరెంటు పోతే కేబుల్ ఆపరేటర్ స్తంభం మీది స్విచ్ డబ్బాకు బ్యాటరీ లేకపోతే నెట్ పోతుంది. ఆ సంగతి కనెక్షన్ తీసుకునేటప్పుడే అడగండి. సరుకు నింపుకుని బయల్దేరే ముందు కోత వేళలు తెలిసుంటే మంచిది. నడి దారిలో తెగిపోతే తిరిగి వచ్చేసరికి ఓడా సరుకూ ఉంటాయన్న భరోసా లేదు. మంచం ఉన్న ఓడైతే, మంచం మీద పడుకుని లాగవుట్ అవడం అలవాటు చేసుకోండి.

నెట్ విషయంలో ఒక పుకారు తిరుగుతోంది. ఈ ఆట అమెజాన్ క్లౌడ్ మీద నడుస్తుంది, అమెజాన్ డేటా సెంటర్లు చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేట దగ్గరే ఉన్నాయి, కాబట్టి మనకు పింగ్ సున్నా అని. మొదటి రెండు మాటలూ నిజమే. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్ రీజియన్, అంటే ఇక్కడి సర్వర్ల కేంద్రం, తెరిచింది. కానీ ఏ రీజియన్‌లో సర్వర్లు అద్దెకు తీసుకోవాలో ఆట కంపెనీ ఇష్టం. ఆటలో ఎంచుకునే జాబితాలో అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా, ఆసియా ఉంటాయి, ఇండియా ఉండదు. ఫైబర్లో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి జర్మనీకి 7,000 కిలోమీటర్లు, పోయి రావడానికి తీగ తిన్నగా ఉన్నా 70 మిల్లీసెకన్లు. సముద్రం కింది తీగ తిన్నగా పోదు కాబట్టి నిజంలో అంతకంటే బాగా ఎక్కువే. సరుకు మోసే పనికి, గనుల పనికి ఇది అడ్డం రాదు. ఎదురెదురు పోరాటంలో మాత్రం మీరు వెనకబడతారు. యూరప్ సర్వర్ పరీక్షించాలంటే మన పొద్దున 8 నుంచి 10 మధ్య వెళ్లండి, అక్కడ తెల్లవారుజాము, రద్దీ తక్కువ. అదే సర్వర్‌కు అర్ధరాత్రి వెళ్తే అక్కడి సాయంత్రం రద్దీ కనబడుతుంది. రెండూ చూస్తేనే మెషింగ్ ఎంత మోస్తోందో తెలుస్తుంది.

డౌన్‌లోడ్ 100 జీబీకి పైనే. 40 ఎంబీపీఎస్ లైన్ మీద 100 జీబీకి ఐదున్నర గంటలు, 100 ఎంబీపీఎస్ మీద రెండుంబావు గంటలు. రోజుకు 2 జీబీ మొబైల్ డేటాతో ఈ పని అయ్యేది కాదు.

ఇక వార్తలు చదివే తీరు. కొత్తగా ఏదైనా విన్నప్పుడు ఒకటే అడగండి: అది ఏ మెట్టు మీద ఉంది? ఓడ అయితే కాన్సెప్ట్ బొమ్మ, తర్వాత వైట్‌బాక్స్, గ్రేబాక్స్, ఆ పైన చివరి ఆర్ట్, దెబ్బతినే తీరు, అప్పుడు విడుదల. నెలవారీ రిపోర్టుల్లో ఈ మాటలు అలాగే ఉంటాయి. వైట్‌బాక్స్ అంటే అట్టపెట్టెలు పేర్చిన కొలతల దశ, ఏడాదిలోపు ఎగురుతుందని ఆశపడొద్దు. ఆట విధానాల్లో టీ0 అనే గుర్తు కనబడితే అది మొట్టమొదటి ముడి రూపం. పరీక్షలకు వచ్చాక ముందు ఎవొకాటి అనే చిన్న గుంపు చూస్తుంది, వాళ్లు బయట చెప్పకూడదు. తర్వాత విడతలవారీగా పీటీయూ, అంటే మిగతా ఆటగాళ్లు ఆడి చూసే పరీక్ష సర్వర్, తెరుస్తారు, చివరికి లైవ్. పీటీయూ దాకా వచ్చి వెనక్కి పోయినవి కూడా ఉన్నాయి కాబట్టి అక్కడి వీడియో చూసి పండగ చేసుకోవద్దు.

రోడ్‌మ్యాప్ కూడా మారింది. ఒకప్పుడు ఏడాది ముందు సంగతులు పెట్టేవాళ్లు. 2022 ఫిబ్రవరిలో ఆ పద్ధతి మానుకుని, రాబోయే ప్యాచ్ వరకే చూపిస్తామన్నారు. అంచనాలను జనం హామీలుగా తీసుకుంటున్నారన్నది వాళ్ల కారణం. మా దృష్టిలో అది నిజాయితీ గల మార్పే. ఏడాది తర్వాతి సంగతి ఎవరైనా తేదీతో సహా చెప్తే అది వాళ్ల సొంత ఊహ అని దాంతోనే తేలిపోతుంది. ఇదే కంపెనీ చేస్తున్న, ఒంటరిగా ఆడే స్క్వాడ్రన్ 42 అనే ఆటకూ ఇదే కొలత. 2023 అక్టోబరులో ఫీచర్లు పూర్తయ్యాయన్నారు, 2024 అక్టోబరులో ఆడి చూపించి 2026 అన్నారు. 2014 నుంచి దాని తేదీలు ఎన్ని జరిగాయో తెలిసినవాళ్లు చేతికి వచ్చాకే నమ్ముతారు.

ప్యాచ్ నోట్స్ తెరిస్తే పైనున్న కొత్త విశేషాలు వదిలేసి ముందు 'తెలిసిన లోపాలు' అన్న భాగం చదవండి. మీరు ఏ పని కోసం లోపలికి వెళ్తున్నారో ఆ పనికి సంబంధించిన లోపం అక్కడుంటే ఆ వారం వెళ్లొద్దు.

ఇప్పుడు పైసలు. లోపలికి పోవడానికి అన్నిటికంటే చిన్న ప్యాకేజీ చాలు; 2024లో ఆరోరా ఎంఆర్ లేదా మస్టాంగ్ ఆల్ఫా ఓడ ఉన్నదాని ధర 45 డాలర్లు. పెద్ద ఓడల్లో చాలావాటిని ఆటలో సంపాదించిన సొమ్ముతోనే ఆటలో కొనుక్కోవచ్చు. ఆ సంపాదన అప్పుడప్పుడు తుడిచిపెట్టే అవకాశం ఉంది, అది ఆల్ఫాలో, అంటే ఇంకా తయారీలో ఉన్న దశలో, మామూలే. తుడిచిపెడతారన్న భయంతోనే వందల డాలర్లు పెట్టి ఓడలు కొనేవాళ్లు ఎక్కువ. మీరు ఆ దారి పట్టొద్దు. ఇంకా తయారుకాని కాన్సెప్ట్ ఓడకు ఒక్క రూపాయి పెట్టొద్దు. పోలారిస్‌ను 2016లో అమ్మకానికి పెట్టారు, 2024 నవంబరులో ఎగిరింది. బాను మర్చంట్‌మ్యాన్‌ను 2013లో అమ్మారు, 4.0 వచ్చిన నాటికీ ఎగరలేదు. అంతవరకు ఇచ్చేది లోనర్, అంటే అప్పు ఓడ. వార్‌బాండ్ అని తక్కువ ధరకు కనబడేది స్టోర్ క్రెడిట్‌తో (కంపెనీ దుకాణంలోనే చెల్లే సొమ్ముతో) రాదు, కొత్త డబ్బే పెట్టాలి. కొన్న ఓడను కరిగిస్తే వచ్చేది స్టోర్ క్రెడిట్ మాత్రమే, బ్యాంకు ఖాతాలోకి పైసా రాదు. అసలు డబ్బు వెనక్కి కావాలంటే కొన్న 30 రోజుల్లోపే అడగాలి. కార్డు మీద అంతర్జాతీయ చెల్లింపులు బ్యాంకు యాప్‌లో తెరిచి, కొన్నాక మళ్లీ మూసేయండి. విదేశీ మారకానికి బ్యాంకు వేసే 2 నుంచి 3.5 శాతం కూడా లెక్కేసుకోండి. బయటివాళ్లు చౌకగా అమ్ముతామనే అకౌంట్ల జోలికి పోవద్దు. అకౌంట్ మొదట తెరిచినవాళ్లు వెనక్కి లాక్కుంటే కంపెనీ మీ మాట వినదు.

ఆ డబ్బు కూడా ముందే పెట్టక్కర్లేదు. ఏటా ఆటలో మే నెలలో ఇన్‌విక్టస్ వారం, నవంబరులో ఐఏఈ అనే ఓడల ప్రదర్శన జరిగేటప్పుడు ఫ్రీ ఫ్లై ఉంటుంది, ఉచితంగా ఆడొచ్చు. మొదటి రెండు రోజులు జనం విరగబడతారు కాబట్టి సర్వర్లు అత్యంత అధ్వానంగా ఉంటాయి. అవీ చూడండి, చివరి రోజులూ చూడండి. ప్రతిసారీ ఒకే పని చేయండి: గదిలో నిద్రలేచి, ట్రాములో స్పేస్‌పోర్ట్‌కు వెళ్లి, టెర్మినల్‌లో ఓడను పిలిచి, లిఫ్టులో హ్యాంగర్‌కు చేరి, అనుమతి అడిగి లేచి, ఒక ఉపగ్రహం మీద దిగి, పెట్టె ఒకటి మోసి అప్పగించి, తిరిగి వచ్చి ఓడ నిలపండి. ఎక్కడ ఆగింది, ఎన్నిసార్లు తెగింది, సర్వర్ సెకనుకు ఎన్నిసార్లు లెక్క కట్టింది, మీ ఫ్రేములెన్ని, ఏ వేళ, ఏ ప్యాచ్, ఒక కాగితం మీద రాసుకోండి. వరుసగా రెండు ఫ్రీ ఫ్లైల కాగితాలు పక్కపక్కన పెడితే ఈ ఆట ముందుకు పోతోందో లేదో మీకు మీరే చెప్పగలరు. ఆ పెట్టె అప్పగించే పని రెండోసారి కూడా పూర్తి కాకపోతే ఇంకో ఆరు నెలలు ఆగండి.

కొన్నవాళ్లు ఒక పని తప్పక చేయండి. లోపం కనబడితే గ్రూపుల్లో తిట్టి ఊరుకోకుండా కంపెనీ లోపాల నమోదు సైటు ఇష్యూ కౌన్సిల్‌లో వేయండి. ముందు అదే లోపం ఎవరైనా వేశారేమో వెతకండి. ఉంటే కొత్తది తెరవకుండా దాని కిందే "నాకూ వచ్చింది" అని చేర్చండి. చాలామంది నిర్ధారించినదే పైకి పోతుంది. ప్యాచ్ సంఖ్య, షార్డ్ గుర్తు, చోటు, మీరు చేసిన పనులు వరుసలో, జరగాల్సింది ఏంటి, జరిగింది ఏంటి, అర నిమిషం వీడియో. చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు చాలు. పింగ్ అంకె రాయడం మాత్రం మరవకండి. ఇండియా నుంచి ఆడేవాళ్లు ఎంత మందో, ఎంత దూరం నుంచి ఆడుతున్నారో తయారీదారులకు తెలిసే దారుల్లో అదొకటి.

ఇట్లు,
ఈ ఆట తయారీని దగ్గరగా గమనిస్తున్న ఆటగాళ్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్